కూర పక్కన ఏం పెట్టాలి?



కూర వండటం మీలో చాలామందికి తెలుసు. ఈ పాఠంలో దాన్ని మళ్లీ చెప్పడం లేదు. నలుగురిని భోజనానికి పిలిచిన రోజున, కూర ఏదో నిర్ణయమైపోయాక, దాని పక్కన ఏమేమి వడ్డించాలి అనే ప్రశ్న మిగులుతుంది. "ఎన్ని రకాలు చేయాలి?" అని మనం లెక్క మొదలుపెడతాం. నిజానికి అడగవలసిన ప్రశ్న అది కాదు. "ఈ కూరలో ఏం లేదు?" అని అడగాలి. ఈ పాఠం చదివాక ఆ ప్రశ్నకు మీ వంటకు మీరే జవాబు చెప్పుకోగలుగుతారు.

ఉదాహరణకు భిలాయి ఉక్కు నగరంలో ఒక తెలుగు ఇంటిని తీసుకుందాం. అక్కడ తెలుగు ఇల్లు ఎలా వచ్చిందని మీకు సందేహం రావచ్చు. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955లో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కాలం నుంచే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో కుటుంబాలు పని వెతుక్కుంటూ అక్కడికి చేరాయి. అప్పట్లో ఆ ఊరు మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఉంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వెళ్లే రైలు మార్గం ఉండడంతో మనుషులతోపాటు ఆవకాయ జాడీలు కూడా అటు ప్రయాణం చేశాయి.

మనం అనుకున్న ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరే. ఆయనది కర్మాగారంలో షిఫ్టు పని. ఒక ఆదివారం రాత్రి నలుగురు భోజనానికి వస్తున్నారు. పక్క క్వార్టరులోని ఛత్తీస్‌గఢీ దంపతులు, వారి తల్లి, ఆయనతో కలిసి పనిచేసే బీహారు స్నేహితుడు. ఆ పెద్దామెకు పళ్లు సరిగా లేవు, రక్తపోటు కూడా ఉంది. ఇంటావిడ గుత్తివంకాయ కూర చేయాలనుకుంది. మసాలాలో నువ్వులు, వేరుశనగపప్పు, ధనియాలు, ఎండుమిరపకాయలు, చింతపండు. నూనె కాస్త ఎక్కువే పడుతుంది. దానికి తోడు ఆవిడ రాసుకున్న జాబితా ఇది: పులిహోర, గోంగూర పచ్చడి, చింతపండు చారు, ఆవకాయ, అప్పడాలు.

ఇక్కడ కాసేపు ఆగండి. ఆ జాబితాను మరొకసారి చదివి, అందులో మీకు కనిపించిన లోపం ఒక కాగితం మీద రాసి, తర్వాత ముందుకు వెళ్లండి.

పులుపు మీద పులుపు

అప్పడం తప్ప మిగతావన్నీ పుల్లనివే. కూరలో చింతపండు, పులిహోరలో చింతపండు, చారులో చింతపండు, గోంగూర స్వతహాగా పులుపు, ఆవకాయలో మామిడి పులుపు. ఒక్కొక్కటి విడిగా తింటే బాగానే ఉంటుంది. ఒకే పళ్లెంలో చేరితే మూడో ముద్దకే నాలుకకు తేడా తెలియడం మానేస్తుంది. గంటసేపు కష్టపడి కూరిన వంకాయ ఆ పులుపులో తప్పిపోతుంది. ఈ పాఠం రాస్తున్న నేను కూడా ఒకసారి ఇలాంటి విందు చేశాను. వచ్చినవాళ్లు ఏమీ అనలేదు, పెరుగు మాత్రం రెండుసార్లు అడిగారు.

ఆ పెరుగు అడగడం వెనుక ఒక కారణం ఉంది. మిరపకాయలో కారాన్నిచ్చే పదార్థాన్ని క్యాప్సైసిన్ అంటారు. అది నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే కారం తగిలినప్పుడు నీళ్లు తాగితే మంట తగ్గదు సరికదా, నోరంతా పరుచుకుంటుంది. పాలు, పెరుగులో ఉండే కేసీన్ అనే మాంసకృత్తు క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీద నుంచి తీసేస్తుంది. పెరుగన్నం చివర తినడం మన పెద్దల అలవాటు. కారం కూర ఉన్న రోజున మాత్రం పెరుగుతో చేసినది ఒకటి మొదటి నుంచే పళ్లెంలో ఉంటే మంచిది.

కాబట్టి ఆవిడ పులిహోరను, చారును తీసేసి దోసకాయ పెరుగు పచ్చడి పెట్టుకుంది. ఇక్కడ దోసకాయ అంటే పప్పులో వేసే పసుపు దోసకాయ కాదు, అక్కడివారు ఖీరా అనే కీరదోస. ఆరుగురికి అర లీటరు పెరుగు, రెండు కీరదోసకాయలు సరిపోతాయి. కీరదోస తురిమి, నీరు పిండి, పెరుగులో కలపాలి. పోపు పూర్తిగా చల్లారాకే వేయాలి. ఉప్పు మాత్రం వడ్డించే ముందు వేయండి. ముందే వేస్తే ఉప్పు కీరదోసలోని నీటిని బయటికి లాగుతుంది, పచ్చడి మజ్జిగలాగా పలచబడుతుంది. భిలాయిలో మే నెల ఎండ 45 డిగ్రీల దాకా పోవడం కొత్త కాదు. అలాంటి రోజుల్లో ఉదయం తోడుపెట్టిన పెరుగు రాత్రికి పులిసిపోతుంది. మళ్లీ పులుపే! ఫ్రిజ్ లేని ఇంట్లో మధ్యాహ్నం తోడుపెట్టుకోవాలి.

రెండోది ముద్దపప్పు. విందులో ముద్దపప్పు ఏమిటి అని చిన్నచూపు చూడకండి. అందులో కారం లేదు, పులుపు లేదు, నమలవలసిన పని లేదు. ఆ పెద్దామె కడుపునిండా తినగలిగేది ఆ రాత్రి అదే. కుక్కరులో అన్నంతోపాటే ఉడుకుతుంది కనుక పొయ్యి కూడా కలిసి వస్తుంది. ఇంట్లో ఉన్నవి రెండు పొయ్యిలే అయితే ఇది చిన్న విషయం కాదు. వేడిగా తినవలసినవి రెండుకు మించకుండా చూసుకోండి, లేకపోతే అతిథులు వచ్చాక కూడా మీరు వంటింట్లోనే ఉండిపోతారు.

సంతలో మన కూరగాయలు, వేరే పేర్లు

ఇప్పుడు పళ్లెంలో ఆకుకూర లేదు. దాన్ని వెతుక్కుంటూ ఆవిడతోపాటు మనమూ బజారుకు వెళదాం. ఛత్తీస్‌గఢ్‌లో ఆకుకూరలకు కరువు లేదు. వాటిని అక్కడ భాజీ అంటారు. కొత్తగా వెళ్లినవారు ఆ పేర్లు తెలియక బంగాళాదుంపలు కొనుక్కుని తిరిగివస్తుంటారు. లాల్ భాజీ అంటే మన ఎర్ర తోటకూర. అమారీ భాజీ, దాన్నే ఖట్టా భాజీ అని కూడా అంటారు, మన గోంగూరే. కోచయీ అంటే చామదుంప. జిమీకంద్ అంటే కంద. మనం కంద దురద పోవడానికి చింతపండు వేస్తాం, అక్కడివారు పుల్లని పెరుగో మజ్జిగో వేస్తారు. సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాల వల్ల ఆ దురద పుడుతుంది, పులుపు దాన్ని తగ్గిస్తుంది. దారులు వేరైనా కనిపెట్టిన సంగతి ఒకటే.

రఖియా అంటే బూడిద గుమ్మడికాయ. దాన్ని తురిమి, రుబ్బిన మినప్పప్పులో కలిపి, ఎండబెట్టి రఖియా బడీ చేస్తారు. మన గుమ్మడి వడియాలకు స్వయానా అక్కచెల్లెళ్లు అనుకోండి. వారు దాన్ని ఎక్కువగా కూరలో వేస్తారు, మనం వేయించి నంజుకుంటాం. పక్కింటావిడకు మీరు వేయించిన వడియం పెడితే ఆమెకు అది తెలిసిన రుచే, తెలియని పద్ధతి. కొత్త ఊళ్లో మాట కలవడానికి ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు.

పతాల్ అంటే అక్కడి మాటలో టమాటా. పతాల్ చట్నీ అంటే టమాటాలు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు కలిపి సన్నికల్లు మీద నూరినది. నూనె అక్కర్లేదు. వేపుడు కూరకు, పప్పుకు ఇది మంచి తోడు. గుత్తివంకాయ రోజున మాత్రం వద్దు. ఎందుకో ఇప్పటికే మీకు తెలిసి ఉంటుంది.

ఆవిడ లాల్ భాజీ కొన్నది. వెల్లుల్లి, ఒక ఎండుమిరపకాయ వేసి పొడిగా వేపింది. ఆకుకూరల్లోని ఇనుము మన శరీరానికి అంత సులభంగా అందదు. అదే భోజనంలో నిమ్మరసం వంటి విటమిన్ సి ఉన్నది చేరితే బాగా అందుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకని పళ్లెం అంచున ఒక నిమ్మచెక్క పెట్టండి. టీ ఓ గంట తర్వాత ఇవ్వండి. (నిమ్మకాయ కూడా పులుపే కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కానీ దాన్ని ఎవరికి కావలసినంత వారు పిండుకుంటారు.)

ఉప్పు ఎక్కడెక్కడ దాగి ఉంది?

ఆవకాయ, అప్పడం, వడియం, చల్ల మిరపకాయ, వీటన్నింటినీ నిలవ ఉంచేది ఎండ, నూనెలతోపాటు ఉప్పే. పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక చెంచా ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ చెంచాలో కూర, పప్పులలోని ఉప్పు కూడా లెక్కే. కాబట్టి కరకరలాడేది ఒక్కటి చాలు. ఆవిడ వడియాలు ఉంచి అప్పడాలు మానేసింది. ఆవకాయను పళ్లెంలో ముందే వేయకుండా చిన్న గిన్నెలో మధ్యలో పెట్టింది. ఊరగాయ వేయకపోతే మర్యాద కాదనుకునే ఇళ్లున్నాయి. రక్తపోటు ఉన్న అతిథి మొహమాటంతో దాన్ని తినడం మాత్రం ఏం మర్యాద?

బీహారు స్నేహితుడికి రాత్రి రొట్టె ఉండాలి. గుత్తివంకాయ గుజ్జును కొంచెం వేడినీటితో పలచన చేస్తే రొట్టెకూ సరిపోతుంది. ఇందుకోసం వేరే కూర అవసరం లేదు.

చివరికి పళ్లెంలో చేరినవి గుత్తివంకాయ, ముద్దపప్పు, ఎర్ర తోటకూర వేపుడు, పెరుగు పచ్చడి, వడియాలు, అన్నం, రొట్టె. మొదటి జాబితాకంటే ఖర్చు పెరగలేదు. నాలుగు రకాల పులుపు పోయింది.

మరునాటి సంగతి

సోమవారం ఆయనకు ఉదయం ఆరు గంటల షిఫ్టు. మిగిలిన కూర క్యారేజీలోకి వెళుతుంది. దానితో పెరుగు పచ్చడి పంపవచ్చా? వేడి ఎక్కువగా ఉండే చోట మధ్యాహ్నానికి అది పాడవుతుంది, పంపకూడదు. పచ్చి ఉల్లిపాయ, ఒక నిమ్మచెక్క పంపవచ్చు. అక్కడి శ్రామికులకు ఎండాకాలంలో బోరే బాసీ అలవాటు. అన్నాన్ని నీళ్లలో నానబెట్టి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, భాజీ నంజుకుని తింటారు. మన చద్దన్నం లాంటిదే. 2022 మే 1న, కార్మిక దినోత్సవం రోజున, అందరూ బోరే బాసీ తినాలని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పిలుపునిచ్చింది. ఆ పళ్లెంలో కూర ఉండకపోయినా, చల్లదనం, కారం, ఆకుకూర, కరకరలాడే ఉల్లిపాయ ఉన్నాయి, గమనించండి.

మీరు చేయవలసిన పని: ఈ వారం మీ ఇంట్లో వండే ఒక కూర పేరు రాయండి. అది పులుపా, కారమా, కమ్మనా, పొడిగా ఉంటుందా, గుజ్జుగా ఉంటుందా అన్నది దాని కింద రాయండి. తర్వాత దాని పక్కన పెట్టదలచినవి మూడు రాసి, ఒక్కొక్కదాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యంలో చెప్పండి. కూర చేపల పులుసు అయితే పెరుగు పచ్చడికి బదులు ఏం పెడతారో కూడా రాయండి, ఎందుకంటే చేపతో పెరుగు తినని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి.