మా చేలో దొంగ... ఇక్కడ వీఐపీ!

"కదలకు. నీ నీడ దాని మీద పడుతోంది."

వెనక నుంచి ఆ గొంతు వినపడగానే ఎక్కడున్నదాన్ని అక్కడే ఆగిపోయా. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బ్రైటన్ అనే ఊరు. ఆ ఊరి అంచున వైట్‌హాక్ హిల్ అనే గుట్ట. దాని మీద గులాబీ రంగు పూల తీగ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నా. ఫోన్‌లో చార్జింగ్ 11 శాతం. రెండింటికి రెస్టారెంట్‌లో నా షిఫ్ట్ మొదలు. టైమ్ అప్పటికే ఒంటిగంట దాటింది. ఎదురుగా మొగ్గ మీద, రూపాయి బిళ్ల కన్నా చిన్నగా, గోధుమరంగు సీతాకోకచిలుక ఒకటి.

చూడ్డానికి ఏమంత గొప్పగా లేదు. కానీ దానికోసం ఇక్కడి జనం సెలవులు పెట్టుకుని, వంద మైళ్లు కారు నడుపుకుంటూ వస్తారు. పేరు లాంగ్ టెయిల్డ్ బ్లూ.

ఆ గొంతు ఎవరిదో చెప్పాలి. రెండు రోజుల ముందు అదే దారిలో వాకింగ్‌కి వెళ్తుంటే, మెడలో బైనాక్యులర్ వేసుకున్న ఒక పెద్దాయన తీగ దగ్గర వంగి, ఒక్కో పూమొగ్గనీ భూతద్దంతో తిప్పితిప్పి చూస్తున్నాడు. ఉంగరమేదో పోగొట్టుకున్నాడేమో అనుకుని, సాయం కావాలా అని అడిగా. "గుడ్లు వెతుకుతున్నా" అన్నాడు. సీతాకోకచిలుక దొరకడం కష్టమట. అది పెట్టిన గుడ్లు దొరకడమే తేలికట. మొగ్గ అడుగున తెల్లటి చుక్క, గుండుసూది తలకన్నా చిన్నది. ఆయన చూపించాక కూడా నాకు కనపడటానికి ఐదు నిమిషాలు పట్టింది.

ఆ తీగని ఇక్కడ ఎవర్‌లాస్టింగ్ పీ అంటారు. తోటల్లోంచి తప్పించుకుని రోడ్ల పక్కన, రైలు కట్టల మీద, ఖాళీ జాగాల్లో దానంతటదే పెరుగుతుంది. పువ్వు అచ్చం మన చిక్కుడు పువ్వు వాలకమే. ఆయన ఫోన్‌లో సీతాకోకచిలుక ఫొటో చూపించినప్పుడు మాత్రం నాకు ఏదో గుర్తొచ్చినట్టే అనిపించింది. ఎక్కడ చూశానో తట్టలేదు.

ఈ చిలుక బ్రిటన్‌ది కాదు. ఇక్కడి చలికాలంలో బతకలేదు. దక్షిణ యూరప్, ఆఫ్రికా, ఆసియా నుంచి ఆస్ట్రేలియా దాకా దాని ఇల్లే. వేసవిలో గాలి, ఎండ కలిసొస్తే కొన్ని ఉత్తరానికి బయల్దేరి ఇంగ్లిష్ ఛానల్ దాటేస్తాయి. బ్రైటన్ ఎదురుగా ఫ్రాన్స్ ఒడ్డు వంద కిలోమీటర్లకు పైనే. ఇక్కడికి దగ్గర్లోని న్యూహేవెన్ నుంచి ఫ్రాన్స్‌లోని దియెప్‌కి ఓడ నాలుగు గంటలు తీసుకుంటుంది. ఇంత చిన్న పురుగు అంత సముద్రాన్ని ఎలా దాటుతుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ అబ్బురమే. (నేనూ దానిలాగే వలస వచ్చాను కదా అనే డైలాగ్ మాత్రం కొట్టను. నాకు విమానంలో భోజనం కూడా పెట్టారు.)

బ్రిటన్‌లో దీన్ని మొదటిసారి చూసింది 1859లో. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఎప్పుడో ఒకటీ అరా. 2013లో మాత్రం కెంట్, ససెక్స్ తీరాల్లో ఒక్కసారిగా వచ్చి దిగాయి. ఊరికే వచ్చి పోలేదు, గుడ్లు పెట్టాయి. సెప్టెంబర్ కల్లా ఇక్కడ పుట్టిన తరం ఎగరడం మొదలైంది. 2015లో, 2019లో మళ్లీ అలాగే. పెద్దాయన ఈ సంవత్సరాలన్నీ మనవాళ్లు వరల్డ్ కప్ ఫైనల్స్ చెప్పినట్టు చెప్పాడు.

సరే, తీగ దగ్గరికి వద్దాం. రెండ్రోజుల తర్వాత నాకు కనపడింది గుడ్డు కాదు, చిలుకే. మొదట తీసిన ఫొటోలు నలభై దాకా ఉంటాయి. అన్నీ దండగే. గాలికి తీగ ఊగుతోంది, ఫోన్ వెనకున్న గడ్డిని ఫోకస్ చేస్తోంది. దగ్గరికి జరిగితే నా నీడ దాని మీద పడింది. ఎగిరి రెండు అడుగుల అవతల వాలింది. సరిగ్గా అప్పుడే ఆయన నన్ను ఆపాడు.

ఆయన చెప్పినవి మూడే ముక్కలు. సూర్యుడు నీకు పక్కగా ఉండాలి. పైనుంచి కాదు, దాని ఎత్తుకి దిగు. రెక్కల అడుగుభాగం కనపడకపోతే ఆ ఫొటో ఎవరూ నమ్మరు.

మూడోదే అసలు సంగతి. ఈ గుట్టల మీద నీలం చిలుకలు బోలెడు. కామన్ బ్లూ, చాక్‌హిల్ బ్లూ, హోలీ బ్లూ. ఎగిరేటప్పుడు అన్నీ ఒకేలా కనపడతాయి. రెక్కలు మూసినప్పుడే ఇది దొరికిపోతుంది. గోధుమరంగు మీద తెల్లటి అలలు, వెనక రెక్క అంచు దగ్గర వెడల్పాటి తెల్ల పట్టీ, చివర రెండు నల్ల చుక్కలు, వాటి పక్కన వెంట్రుకంత సన్నటి తోక. ఒక జిల్లాలో అరుదైన చిలుక కనపడిందని రికార్డులోకి ఎక్కాలంటే ఆ జిల్లా రికార్డులు చూసే వలంటీర్ ఒప్పుకోవాలి. "నేను చూశానండీ" అంటే సరిపోదు.

డిజిటల్ జూమ్ ఆపేశా. బోర్లా పడుకుని మోచేతులు నేలకి ఆనించా. స్క్రీన్ మీద దాన్ని నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేశా. ఇక గాలి ఆగేదాకా ఎదురుచూడ్డమే. ఆ ఎదురుచూపులోనే దాన్ని మొదటిసారి సరిగ్గా చూశా.

మూసిన వెనక రెక్కలని ఒకదాని మీద ఒకటి మెల్లగా పైకీ కిందకీ రుద్దుతోంది. దాంతో తోకలు మీసాల్లా కదులుతున్నాయి. పక్కనున్న నల్ల చుక్కలు కళ్లలా ఉన్నాయి. అంటే వెనక వైపు ఇంకో తల ఉన్నట్టు! పిట్టో బల్లో అదే తల అనుకుని అక్కడ పొడుస్తుంది. రెక్క ముక్క పోతే పోయింది, ప్రాణం దక్కుతుంది. నా ముందున్నదానికి ఒక తోక లేదు. ఆ ట్రిక్ ఎక్కడో ఒకసారి పనిచేసిందన్నమాట.

అంతలో అది తన పొట్ట చివరని వంచి మొగ్గ అడుగున ఆనించింది. వెనక పెద్దాయన ఊపిరి బిగబట్టడం నాకు వినపడింది. బర్స్ట్ మోడ్‌లో వరసగా తీసేశా. 4 శాతం దగ్గర ఫోన్ స్క్రీన్ మసకబారింది. షిఫ్ట్‌కి ఇరవై నిమిషాలు లేటుగా వెళ్లా. ఎందుకు లేటని మేనేజర్ అడిగితే "సీతాకోకచిలుక" అన్నా. ఆ రోజంతా గిన్నెలు నాతోనే కడిగించాడు.

రాత్రి రూమ్‌కి వచ్చి చూస్తే ఒక్క ఫొటో, సరిగ్గా ఒక్కటి, క్లియర్‌గా ఉంది. దాన్ని రికార్డులు చూసే ఆయనకి మెయిల్ చేశా. తర్వాత నాయినకి వాట్సాప్‌లో పంపా, "దీన్ని చూడ్డానికి ఇక్కడ ఎగబడతారు" అని.

మాది తాండూరు దగ్గర పల్లె. కందికి పేరున్న నేల మాది. 2022లో తాండూరు కందికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మన దగ్గర అప్పటికి తెల్లవారుజాము. నాయిన లేవగానే ఫోన్ చేశాడు.

"ఇది మన కంది చేన్ల ఉండేదే గద బిడ్డా! పూత మీద తిరుగుతది. దీనికోసం పని ఇడిసిపెట్టి ఎండల పండుకున్నవా?"

అప్పుడు వెలిగింది. మన దగ్గర దీన్ని పీ బ్లూ అంటారు. కంది, చిక్కుడు, అలసంద... పప్పుజాతి పంట ఏదైనా పూత మీద గుడ్డు పెడుతుంది. పురుగు మొగ్గలోకి, కాయలోకి తొలుచుకుని వెళ్లి లోపల గింజ తింటుంది. ఒంటి మీద ఊరే తియ్యటి రసం కోసం చీమలు దాని చుట్టూ తిరుగుతూ కాపలా కాస్తాయి. చిన్నప్పుడు పూత దగ్గర చీమలు కుడుతుంటే తిట్టుకుంటూ నాయినకి స్ప్రేయర్‌లోకి నీళ్లు మోసినదాన్ని నేనే. కొన్ని వందలసార్లు నా ముందు నుంచి ఎగిరి ఉంటుంది. ఒక్కసారి కూడా ఆగి చూడలేదు.

"మరి దీనికి కూడా మందు కొడతావా నాయినా?"

"అసలు దొంగ పచ్చపురుగు. ఇది చిల్లర దొంగ. మందు కొడితే ఇద్దరికీ తగుల్తది."

ఆ మాట మీద నాకు కోపం రాలేదు. రావాల్సిన పనీ లేదు. ఆ కంది అమ్మిన డబ్బులు, దాని మీద చేసిన అప్పు, ఈ రెండూ కలిస్తేనే నా ఫీజు. కానీ ఇక్కడ ఒక పెద్దాయన భూతద్దంతో వెతికే గుడ్డుని, అక్కడ మేం ట్యాంకులకొద్దీ మందుతో కడిగేస్తాం. రెండిట్లో ఏది తప్పని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఫొటోని మాత్రం ఆ రాత్రి చాలాసార్లు జూమ్ చేసి చూసుకున్నా.

మూడో రోజు మెయిల్ వచ్చింది. "అవును, అదే. ఆడది. అభినందనలు." తేదీ, చోటు, నా పేరుతో రికార్డులోకి ఎక్కింది.

సెప్టెంబర్‌లో పిల్లల కోసం మళ్లీ వెళ్లా. గుడ్డు పెట్టిన తీగ లేదు. దారి పక్క గడ్డితో పాటు దాన్నీ ఎవరో మెషీన్‌తో నున్నగా కోసేశారు. ఇలా కోసేయడం ఇక్కడ మామూలేనని పెద్దాయన అన్నాడు. ఆయన మొహం చూడలేకపోయా. గుట్ట అవతలి వాలులో ఇంకో తీగ మిగిలింది. దాని కాయల్లో రెండిటికి గుండ్రటి రంధ్రాలున్నాయి. లోపల ఖాళీ. ఎగిరిపోయాయో, ఇంకేదైనా తిన్నదో తెలీదు. ఇంకో రెండు ఆదివారాలు వెళ్లాం. కనపడలేదు. తర్వాత వానలు మొదలయ్యాయి.

నవంబర్‌లో నాయిన నుంచి ఒక ఫొటో వచ్చింది. పసుపు కంది పూత, దాని మీద ఏదో గోధుమరంగు మరక, సగం ఫొటో నిండా ఆయన బొటనవేలు. కింద "గిదేనా?" అని వాయిస్ మెసేజ్.

"నీడ పడుతుంది నాయినా. తోక కనపడేటట్టు పక్క నుంచి తియ్యి" అన్నా.

"రేపు మందు కొట్టేదుంది. పొద్దుగాల పోయి, అంతకుముందే తీస్తలే" అన్నాడు.