బోర్డు మీద పేరు, కొట్లో సరుకు

మా మనవరాలు ఆత్రేయపురం పూతరేకులు అమ్మే వెబ్‌సైట్ పెట్టింది. మొన్న డొమైన్ అమ్మేవాళ్లతో మాట్లాడుతూ, ఫోన్ చేత్తో మూసి, "తాతయ్యా, డొమైన్ పేరు పదేళ్లకి ఒకేసారి కట్టేస్తే గూగుల్ మనల్నే ముందు చూపిస్తుందట. కట్టేయనా?" అంది.

"తర్వాత చెబుతానని పెట్టేసి ఇలా కూర్చోవే. నెట్‌లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతోనే పిలుచుకుంటాయి. అన్ని అంకెలు మనకి గుర్తుండవు కదా! అందుకని 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన, పేరు చెబితే అంకె అందించే ఏర్పాటు చేశాడు. అదే డీఎన్‌ఎస్. నువ్వు కొన్నది అందులో ఒక పేరు. అదీ అద్దెకే. ఏడాదికి కట్టావా, పదేళ్లకి కట్టావా అన్నది గూగుల్ చూడదు."

"పేరులోనే 'పూతరేకులు' అని ఉంటే?"

"ఒకప్పుడు ఆ కిటుకు పారేది. సరుకు లేకుండా పేరుతో నెట్టుకొస్తున్న సైట్లని 2012 సెప్టెంబరులో గూగుల్ కిందకి దించింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. దానికి అప్పటికి తెలిసింది!"

"అయితే పదేళ్ల డబ్బు దండగేనా?"

"నీ మతిమరుపుకి దండగ కాదులే. గడువు మరిచిపోయి పేరు ఇంకొకడి చేతికి పోయిందనుకో, జనం నీకని ఇచ్చిన లింకులన్నీ వాడి గుమ్మానికి దారి చూపిస్తాయి. సరే, సైటు ఉండే సర్వరు, అదే నీ హోస్టింగ్, ఎక్కడ?"

"అమెరికాలో. చవగ్గా వచ్చింది."

"ఫైబర్ కేబుల్లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అమెరికా 13 వేల కిలోమీటర్లు అనుకుందాం. పోయి రావడానికి ఎంత?"

వేళ్లు మడిచింది. "0.13 సెకను. ఇంతేనా!"

"ఒక్క విడతకి అంతే. ముందు పలకరింపులు, తర్వాత తాళంచెవులు మార్చుకోవడం, ఆ తర్వాత పేజీ అడగడం. మూడు నాలుగు విడతలకి అర సెకను దారిలోనే ఖర్చు. కొనేవాళ్లు రాజమండ్రిలో ఉంటే ముంబయి సర్వరు నయం కదూ? 2018 జులై నుంచి ఫోన్లో వెతికేటప్పుడు కూడా గూగుల్ వేగం లెక్క చూస్తోంది. మొదట్లో మరీ నత్తనడక పేజీలకే దెబ్బ పడింది. అంతకన్నా పెద్ద ముప్పు సర్వరు పడిపోవడం. పేజీలు చదవడానికి వచ్చే గూగుల్‌బాట్‌కి ఎప్పుడూ తాళమే కనిపిస్తే రాకపోకలు తగ్గించుకుంటుంది. రోజుల తరబడి అలాగే ఉంటే జాబితాలోంచి తీసేస్తుంది. మంచి హోస్టింగ్ నిన్ను అందలం ఎక్కించదు గాని, చెడ్డది మాత్రం కింద పడేస్తుంది."

ఆవిడగారి సైటు తెరిచాను. రెండు ఫొటోలు, ఒక ధర. ఏ బియ్యం నానబెడతారు, పిండిలో ముంచిన గుడ్డ బోర్లించిన కుండ మీద ఎలా లాగుతారు, కాగితంలాంటి రేకు ఎలా లేస్తుంది... ఒక్క ముక్క లేదు.

"వెతికేవాడు ఇవే కదుటే అడిగేది?"

కాసేపు ఊరుకుంది. తర్వాత ఫోన్ తీసి, "ఒక్క ఏడాదికే కడతానండీ" అని చెప్పి, వంటింట్లోకి నడిచింది.

"నానమ్మా, కుండ కాగిందని నీకెలా తెలుస్తుంది?"