కొత్త ఫోను: అవసరమా, ఆరాటమా?

నేడు మన ఇళ్లలో స్మార్ట్‌ఫోను లేని పని అరుదు. నమాజు వేళలు తెలుసుకోవడం, ఖుర్ఆన్ పారాయణం వినడం, పిల్లల పాఠాలు, దుకాణంలో చెల్లింపులు, గల్ఫ్ దేశాలలో శ్రమిస్తున్న కుటుంబ పెద్దతో రాత్రిపూట నాలుగు మాటలు, ఇవన్నీ దానితోనే సాగుతున్నాయి. కనుక ఫోను వద్దని మేము ఇక్కడ చెప్పదలచుకోలేదు. మేము పరిశీలించదలచిన ప్రశ్న వేరు. చేతిలో ఉన్న ఫోను పనిచేస్తూ ఉండగా, దానిని పక్కనపెట్టి కొత్త మోడల్ కొనడం ఎప్పుడు సబబు, ఎప్పుడు కాదు?

ప్రశ్న చిన్నదే అనిపించవచ్చు. కాని ముప్పై వేల రూపాయల ఫోను మన సమాజంలోని అనేక కుటుంబాలకు ఒక నెల సంపాదన కంటే ఎక్కువ. అది అమ్మాయి కళాశాల ఫీజు కావచ్చు, తల్లి వైద్యానికి దాచిన సొమ్ము కావచ్చు, ఎవరికో తిరిగి చెల్లించవలసిన అప్పు కావచ్చు. ఇంటి ఆదాయం ఒక్కటే. దానిపై హక్కుదారులు పలువురు. ఒకరి ముచ్చట కోసం మరొకరి హక్కు కరిగిపోరాదు.

ధర్మం చూపిన కొలమానం

ఖర్చు విషయంలో ఇస్లాం మధ్యేమార్గాన్ని బోధిస్తుంది. దుబారా చేయని, పిసినారితనం చూపని, ఈ రెండింటి నడుమ సమతూకంతో నడిచే వారిని అల్‌ ఫుర్ఖాన్ సూరా (25:67) కరుణామయుని దాసులుగా ప్రశంసిస్తుంది. బనీ ఇస్రాయీల్ సూరా (17:26-27) బంధువుల, నిరుపేదల, బాటసారుల హక్కులను ప్రస్తావించిన వెంటనే దుబారాను నిషేధించి, దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొంటుంది. ఈ క్రమాన్ని మనం గమనించాలి. దుబారా అయిన ప్రతి రూపాయి ఎవరో ఒక హక్కుదారుకు అందకుండా పోయిన రూపాయి.

సంపదను ఎలా ఆర్జించావు, దేనిపై వెచ్చించావు అనే ప్రశ్నలకు ప్రళయదినాన ప్రతి మనిషీ జవాబు చెప్పవలసి ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అదే సమయంలో, తాను ప్రసాదించిన అనుగ్రహపు ఛాయ తన దాసునిపై కనబడటం అల్లాహ్‌కు ఇష్టమని కూడా ఆయన (స) తెలిపారు. అంటే మంచి వస్తువు వాడటం పాపం కాదు. స్తోమతకు మించడం, అవసరం లేకుండా వెచ్చించడం, గొప్ప చాటుకోవడానికి కొనడం, ఇవీ దోషాలు.

ధర్మవేత్తలు మానవ ప్రయోజనాలను మూడు అంతస్తులుగా విభజించారు. అవి జరూరియాత్, హాజియాత్, తహ్‌సీనియాత్. ఎనిమిదవ హిజ్రీ శతాబ్దికి చెందిన అండలూసియా పండితుడు ఇమామ్ షాతిబీ ఈ విభజనను విస్తారంగా వివరించారు. లేకపోతే జీవనం సాగనివి మొదటి అంతస్తు, లేకపోతే ఇబ్బంది కలిగించేవి రెండవది, ఉంటే సొంపునిచ్చేవి మూడవది. ఆటో నడిపే సోదరునికి సవారీల యాప్ తెరుచుకోని ఫోను మొదటి అంతస్తు సమస్య. వీడియో పాఠాలు మాటిమాటికీ ఆగిపోతున్న విద్యార్థినిది రెండవది. వెనుక రెండు కెమెరాలకు బదులు మూడు ఉండాలన్న కోరిక మూడవది. కొనే ముందు మన కోరిక ఏ అంతస్తులో నిలుస్తుందో నిజాయితీగా తేల్చుకుంటే సగం నిర్ణయం జరిగిపోయినట్లే.

ఆరాటం ఎక్కడ పుడుతుంది?

మొదటి ఐఫోను 2007లో వెలువడింది. నాటి నుంచి దాదాపు ప్రతి ఏటా ఒక కొత్త మోడల్ రావడం ఆనవాయితీగా మారింది. తక్కిన కంపెనీలు కూడా అదే బాట పట్టాయి. ఏటా కొత్తది వస్తుంది కనుక ఏటా మన చేతిలోనిది ‘పాతది’ అవుతుంది. నిజానికి ఫోనులో ఏ మార్పూ జరగలేదు. దానిని చూసే మన చూపు మాత్రమే మారింది. అధికంగా పొందాలనే పోటీ మనిషిని సమాధుల వరకూ ఏమరుపాటులో ఉంచుతుందని అత్తకాసుర్ సూరా (102) చేసే హెచ్చరిక ఇక్కడ మనకు గుర్తుకు రావాలి.

5జీ విషయమే తీసుకుందాం. మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమయ్యాయి. కాని 4జీ ఫోనులు ఆనాటితో మూలపడలేదు. మాటలు, వాట్సాప్, చెల్లింపులు, ఆన్‌లైన్ పాఠాలు వంటి నిత్యావసరాలకు 4జీ వేగం సరిపోతుంది.

ముందు చేతిలోని ఫోనును పరీక్షించండి

ఫోను పాతబడిందనే ఫిర్యాదుకు తరచుగా కారణం బ్యాటరీయే. లిథియం అయాన్ బ్యాటరీ వాడేకొద్దీ క్షీణించడం దాని స్వభావం. ఐఫోను 14, అంతకు ముందటి మోడళ్లలో 500 పూర్తి ఛార్జింగుల తర్వాత, 15 నుంచి మొదలైన మోడళ్లలో 1000 తర్వాత తొలి సామర్థ్యంలో 80 శాతం నిలిచేలా బ్యాటరీని రూపొందించినట్లు ఆపిల్ సంస్థ చెబుతున్నది. ఛార్జింగు పూటకే అయిపోతే చెడిపోయింది ఫోను కాదు, బ్యాటరీ. హైదరాబాదులోని జగదీష్ మార్కెట్‌లోనైనా, మీ ఊరి బజారులోనైనా నమ్మకమైన మెకానిక్ చేత, వీలైతే కంపెనీ సర్వీసు సెంటర్లో, మంచి బ్యాటరీ వేయిస్తే కొత్త ఫోను ధరలో చిన్న వంతుతో పని ముగుస్తుంది.

రెండవ ఫిర్యాదు వేగం తగ్గడం. నిల్వ స్థలం నిండిపోయినప్పుడు ఫోను నెమ్మదించడం సహజం. వాట్సాప్‌లో వచ్చి పేరుకుపోయిన వీడియోలు, వాడని యాప్‌లు తొలగించి చూడండి. పగిలిన తెర, వదులైన ఛార్జింగు పిన్ను, మట్టి పట్టిన స్పీకరు, ఇవన్నీ బాగుచేయించగలిగినవే. దైవప్రవక్త (స) తమ చెప్పులను తామే కుట్టుకునేవారని, తమ దుస్తులకు తామే మాసికలు వేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. బాగుచేసుకుని వాడటం మనకు నామోషీ కాదు. అది సున్నత్ వాసన గల పని.

అయితే ఒక విషయంలో అశ్రద్ధ తగదు. అది భద్రతా అప్‌డేట్లు. కంపెనీ వీటిని ఆపివేసిన ఫోనులో కొత్తగా బయటపడే లోపాలు సరికాకుండా మిగిలిపోతాయి. అటువంటి ఫోనుతో బ్యాంకు లావాదేవీలు జరపడం తాళం సరిగా పడని పెట్టెలో నగలు దాచడం వంటిది. మరీ పాత ఫోనులలో యాప్‌లు కూడా పనిచేయడం మానుకుంటాయి. 2025 ఆరంభంలో వాట్సాప్, ఆండ్రాయిడ్ 5 కంటే పాత వెర్షన్లకు సేవలు ఆపివేసింది. మీ ఫోను సెట్టింగులలో చివరి భద్రతా అప్‌డేట్ తేదీ కనబడుతుంది. అది చాలా కాలం కిందటిదై, కంపెనీ ఇక పంపనని ప్రకటించి ఉంటే మార్చడం సమంజసమే. అది దుబారా కాదు, జాగ్రత్త.

కొనవలసి వస్తే

కొనక తప్పనప్పుడు ఎక్కువ కాలం నిలిచేది ఎంచుకోవాలి. గూగుల్ 2023లో పిక్సెల్ 8 శ్రేణికి, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24 శ్రేణికి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. తక్కువ ధర ఫోనులలో ఈ గడువు తక్కువగా ఉండవచ్చు. కనుక దుకాణదారును కెమెరా గురించి అడిగే ముందు, ‘అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి?’ అని అడగండి.

ఒక చిన్న లెక్క చూద్దాం. ముప్పై వేల రూపాయల ఫోనును రెండేళ్లకే మార్చితే నెలకు 1250 రూపాయలు పడుతుంది. అదే ఫోనుకు నడుమ 2500 రూపాయలతో బ్యాటరీ మార్పించి ఐదేళ్లు వాడితే నెలకు సుమారు 542 రూపాయలే. నెలకు ఏడు వందల రూపాయల పైచిలుకు మిగులు ఒక అనాథ బాలుని పుస్తకాలకో, ఇంటి వృద్ధుల మందులకో అక్కరకు వస్తుంది.

వాయిదాల వల

‘వడ్డీ లేని వాయిదాలు’ అనే ప్రకటన మన యువకులను ఎక్కువగా ఆకర్షిస్తున్నది. ఇందులో రెండు రకాలున్నాయి. దుకాణదారు తన సరుకును తానే వాయిదాలపై అమ్మి, ముందుగా ఒకే ధర నిర్ణయించి, ఆలస్యమైనా దానిని పెంచకపోతే అది చెల్లుతుందని అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం. కాని బజారులో సాధారణంగా జరిగేది వేరు. డబ్బు చెల్లించేది బ్యాంకో, ఫైనాన్సు సంస్థో. నగదు కొనుగోలుదారుకు ఇచ్చే తగ్గింపును మీకు ఇవ్వకపోవడం, ప్రాసెసింగ్ ఫీజు, దానిపై జీఎస్టీ, వాయిదా తప్పితే అపరాధ రుసుము, ఈ రూపాలలో అసలు సంగతి దాగి ఉంటుంది. సున్నా శాతం వడ్డీ అనే భావనే లేదని, వడ్డీని ఫీజుల ముసుగులో వసూలు చేస్తున్నారని భారతీయ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు జారీచేసిన సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. అల్‌ బఖరా సూరా (2:275-279) వడ్డీ విషయంలో చేసిన కఠిన హెచ్చరిక ఎరిగిన మనం, సంతకం చేసే ముందు ఒప్పంద పత్రం చదవాలి. సందేహం ఉంటే తెలిసిన ఆలిమ్‌ను సంప్రదించాలి.

అప్పు వడ్డీ లేనిదైనా తేలికగా తీసుకోదగినది కాదు. మహాప్రవక్త (స) తమ నమాజులో అప్పు బారి నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు. కొద్ది దీనార్ల అప్పు మిగిల్చి మరణించిన వ్యక్తి జనాజా నమాజును, అబూ ఖతాదా (రజి) ఆ బాధ్యత స్వీకరించే వరకూ ఆయన (స) తాముగా చేయించలేదు. ఫోను కోసం అప్పు తలకెత్తుకునే ముందు ఈ సంఘటనను ఒక్కసారి తలచుకుంటే చాలు. నెలనెలా కొంత దాచి, నగదుతో కొనడమే క్షేమకరం. జకాత్ వర్తించే స్థాయి సంపద గలవారు, ఇలా దాచిన సొమ్మును కూడా ఏడాది లెక్కలో చేర్చుకోవాలని మరువరాదు. సొంతానికి వాడుకునే ఫోనుపై మాత్రం జకాత్ లేదు.

వాడిన ఫోను కొనడం కూడా మంచి మార్గమే. అయితే దొంగసొత్తు కొనడం ధర్మరీత్యా, చట్టరీత్యా నేరం. *#06# నొక్కితే తెరపై కనబడే ఐఎంఇఐ సంఖ్యను గుర్తించండి. కెవైఎం అనే మూడు ఆంగ్ల అక్షరాలు టైపు చేసి, ఖాళీ వదలి, ఆ సంఖ్యను చేర్చి 14422కు సందేశం పంపితే ఆ ఫోను వివరాలు తెలుస్తాయి. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో కూడా ఈ సదుపాయం ఉన్నది. బిల్లు అడిగి తీసుకోండి.

పాత ఫోను కూడా ఒక అమానతే

పాత ఫోను అమ్మేటప్పుడు దాని లోపం దాచరాదు. ఒకమారు దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. తడిసిన గింజలను పైన ఉంచవలసిందని అంటూ, మోసగించేవాడు తమవాడు కాడని ఆయన (స) హెచ్చరించారు. నీటిలో పడి బాగుచేయించిన ఫోనును ‘ఏ లోపమూ లేదు’ అని అంటగట్టడం ఆ తడి ధాన్యాన్ని కప్పిపెట్టడమే.

అంతకంటే సున్నితమైన విషయం మరొకటి ఉన్నది. ఫోనులో ఇంటి ఆడవారి ఫొటోలు, పెళ్లి వీడియోలు, సొంత సంభాషణలు ఉంటాయి. వాటిని కేవలం డిలీట్ చేస్తే సరిపోదు. ముందుగా కావలసినవి వేరే చోట భద్రపరచుకోండి. వాట్సాప్, ఈమెయిల్, చెల్లింపు యాప్‌ల ఖాతాల నుంచి వైదొలగండి. సిమ్మును, మెమరీ కార్డును తీసివేసి, ఆపై ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ తర్వాతే ఇతరుల చేతికివ్వండి. ఇంటి మర్యాదను కాపాడటం కుటుంబ పెద్ద బాధ్యత.

ఇంకా పనిచేసే ఫోనును మదర్సా విద్యార్థికో, పేద బంధువుకో సదఖాగా ఇవ్వవచ్చు. పనికిరానిదైతే చెత్తకుప్పలో వేయకండి. అందులోని లోహాలు, రసాయనాలు నేలకూ నీటికీ హాని చేస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు, వాటిని పునర్వినియోగానికి చేర్చే బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. సర్వీసు సెంటర్లో అప్పగించే వీలు ఉందేమో అడగండి.

ఇంట్లో మాట్లాడుకోండి

విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో సాగుతాయని అష్షూరా సూరా (42:38) తెలుపుతున్నది. ‘అబ్బా, క్లాసులో అందరి దగ్గరా కొత్త ఫోనులే ఉన్నాయి’ అని కుమారుడు అడిగినప్పుడు కసరుకోవడం గాని, వెంటనే కొనిపెట్టడం గాని పరిష్కారం కాదు. ఇంటి ఆదాయమెంత, ఈ నెల కట్టవలసినవేవి, అక్క ఫీజు ఎప్పుడు, నానీ మందులకెంత అన్నది వాడి ముందే కాగితంపై రాసి చూపండి. ‘బేటా, ఇందులో దేనిని ఆపుదామో నీవే చెప్పు’ అని అడగండి. లెక్క తెలిసిన పిల్లవాడు ఇంటి బరువును అర్థం చేసుకుంటాడు. అయితే ఈ మాట చెల్లాలంటే పెద్దల చేతిలోని ఫోను కూడా అదే లెక్కకు నిలబడాలి.

లౌకిక విషయాలలో తమకంటే పై స్థాయి వారిని కాక, కింది స్థాయి వారిని చూడమని, అల్లాహ్ అనుగ్రహాలను చిన్నచూపు చూడకుండా ఉండేందుకు అదే మార్గమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. చేతిలోని ఫోను మన పని నెరవేర్చుతూ ఉంటే, అదీ ఒక అనుగ్రహమే. దానికి కృతజ్ఞత చూపడమంటే దానిని చివరి వరకూ జాగ్రత్తగా, మంచి పనులకు వాడుకోవడం. అది ఇక నడవదని తేలిననాడు, అప్పు లేకుండా, ఎవరి హక్కునూ తగ్గించకుండా, బిస్మిల్లాహ్ అని మరొకటి కొనుక్కోవడం.