క్లోమానికి చిన్న రంధ్రాల దారి

క్లోమం పొట్టలో బాగా లోతున, జీర్ణాశయం వెనక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. దాని తల చిన్నపేగు తొలి వంపులో ఇమిడి ఉంటే, తోక ప్లీహం దాకా సాగుతుంది. పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకెళ్లే పెద్ద సిర దాని మెడ వెనక నుంచే పోతుంది. అందుకే చాలాకాలం క్లోమం ఆపరేషన్ అంటే పొట్టను పెద్దగా కోసి తెరవడమే.

కీహోల్ పద్ధతిలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, చిన్న రంధ్రాల గుండా కెమెరాను, సన్నని పరికరాలను పంపుతారు. రోబో వాడినా దాని చేతులను కదిలించేది సర్జనే. కోసిన భాగాన్ని సంచిలో పెట్టి, ఒక రంధ్రాన్ని కాస్త పెంచి బయటికి తీస్తారు. చర్మంపై గాటు చిన్నదే గానీ, లోపలి కోత ఏమాత్రం చిన్నది కాదు. రోగి, బంధువులు మొదట గ్రహించాల్సింది ఇదే.

తోక వైపు గడ్డలకు ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. కోసిన చోట మూసేస్తే చాలు, మళ్లీ దేన్నీ అతకనక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, ఇలా చేయించుకున్నవారు సగటున 4 రోజుల్లో కోలుకుంటే, పొట్ట తెరిపించుకున్నవారికి 6 రోజులు పట్టింది.

తల వైపు సంగతి వేరు. 1935లో అలెన్ విపుల్ వివరించడంతో ఆయన పేరే స్థిరపడిన ఈ ఆపరేషన్‌లో క్లోమం తలతోపాటు చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళం కింది భాగం తీసేస్తారు. తర్వాత క్లోమాన్ని, పిత్తనాళాన్ని, జీర్ణాశయాన్ని పేగుకు అతకాలి. క్లోమపు అతుకే అన్నిటికన్నా భయపెట్టేది. మెత్తటి క్లోమంలో కుట్టు సరిగా నిలవదు. అక్కడ క్లోమపు జీర్ణరసం కారితే చుట్టుపక్కల రక్తనాళాలు సైతం దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది.

1994లో మిషెల్ గానియే, ఆల్ఫాన్స్ పాంప్ ఈ తల వైపు ఆపరేషన్‌ను కీహోల్‌లో చేసిన తొలి అనుభవాన్ని ప్రచురించారు. కోయంబత్తూరులో 64 మందిపై జరిపిన అధ్యయనంలో (2017) ఆసుపత్రి వాసం 13 రోజుల నుంచి 7కు తగ్గింది. నెదర్లాండ్స్‌లో మాత్రం ఇలాంటి పరిశీలననే మధ్యలో ఆపేశారు. కీహోల్ చేయించుకున్న 50 మందిలో ఐదుగురు, పొట్ట తెరిపించుకున్న 49 మందిలో ఒకరు సమస్యలు ముదిరి చనిపోయారు. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చునని గణాంకాలు చెప్పినా, రోగుల ప్రాణాలతో పందెం కట్టకుండా ఆపడమే సరైన పని. కాబట్టి తల వైపు ఆపరేషన్‌కు రంధ్రాల లెక్క కన్నా, ఆ సర్జన్ ఏటా ఇలాంటివి ఎన్ని చేస్తున్నారన్నదే అడగదగ్గ ప్రశ్న.

గడ్డ పెద్ద సిరను చుట్టేస్తే పొట్ట తెరవడమే మేలు కావచ్చు. కీహోల్‌గా మొదలుపెట్టాక రక్తస్రావమై మధ్యలో తెరవాల్సి వస్తే అది ఓటమి కాదు, జాగ్రత్త.

ఆపరేషన్ అయ్యాక డ్రెయిన్ గొట్టంలో వచ్చే ద్రవాన్ని అమైలేజ్ అనే క్లోమపు ఎంజైమ్ కోసం పరీక్షిస్తే రసం కారుతోందో లేదో తెలుస్తుంది. మిగిలిన క్లోమం చాలకపోతే కొందరికి భోజనంతో ఎంజైమ్ మాత్రలు, కొందరికి ఇన్సులిన్ అవసరమవుతాయి. ప్లీహం కూడా తీసేసినవారికి న్యుమోకాకస్ వంటి బ్యాక్టీరియాల నుంచి రక్షణగా టీకాలు వేస్తారు.