వాన తప్పా? కాలువ తప్పా?

వర్షాకాలము వచ్చినదనిన నేతగానికి రెండు భయములు. గాలిలో తేమ హెచ్చి గంజి ఆరదు, పడుగు సాగదు. ఇది పాత భయము. దీనికి ఉపాయములు మన పెద్దలు ఎరుగుదురు. రెండవది మురుగునీరు ఇంట జొరబడుట. గుంటమగ్గము గల ఇంట గుంటయే ముందు నిండును. మరమగ్గముల కారఖానాలో మోటారు తడియును. మగ్గము నిలిచిన దినమునకు కూలి లేదు. తడిసి చెడిన నూలుకు అప్పు మాత్రము మిగులును.

నీరు నిలిచినప్పుడెల్ల మనకు వినవచ్చు సమాధానములు మూడే. వాన అసాధారణమైనదట, సముద్రము పోటు మీద ఉన్నదట, ప్రజలు కాలువలలో చెత్త వేసిరట. వీనిలో నిజమెంత, సాకు ఎంత అని విచారింపవలెను. మన పద్మశాలీ కుటుంబములు అనేకము బట్టల మిల్లులను నమ్ముకొని తరతరములుగా స్థిరపడిన ముంబయి నగరమునే ఉదాహరణగా తీసికొందము.

మొదటిది వాన సంగతి. 2005 జులై 26న శాంతాక్రుజ్‌లో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసినది. అంతటి వానకు ఏ కాలువయు చాలదు, నిజమే. కాని ఏటేట నీరు నిలుచుట అట్టి వానకు కాదు. నగరములోని పాత కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వానకు కట్టినవి. అందులోను సగము నేలలో ఇంకునని లెక్క వేసిరి. నేడు నేల ఎక్కడ? అంతయు సిమెంటే.

ఈ లెక్క మన ఇంటికి వర్తింపజేసి చూడుడు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు నీరగును. 100 చదరపు మీటర్ల కప్పు మీద గంటలో 50 మిల్లీమీటర్లు కురిసిన 5,000 లీటర్లు. పాత లెక్క ప్రకారము ఆ జాగాకు కాలువ మోయగలది గంటకు 1,250 లీటర్లే. మిగిలిన 3,750 లీటర్లు వీధిలో నిలువక ఎక్కడికి పోవును?

ఈ సంగతి ప్రభుత్వమునకు తెలియనిది కాదు. కాలువలను గంటకు 50 మిల్లీమీటర్ల వానకు, నీరు ఏమాత్రము ఇంకదను లెక్కతో పెంచవలెనని నిపుణుల నివేదిక 1993లోనే చెప్పినది. పెద్ద పనులకు ఊపు వచ్చినది 2005 వరద తరువాతనే. నడుమ పండ్రెండు వర్షాకాలములు గడచినవి.

రెండవది పోటు సంగతి. 2005 వరదపై నియమించిన చితలే కమిటీ కాలములో ఆ నగరమున నీరు వెలుపలికి పోవు ముఖములు 186 ఉండగా, పోటు మట్టమునకు పైన ఉన్నవి 6 మాత్రమే. పోటు వేళ తక్కినవానిలో నీరు సాగదు. ఇది నిజమే. కాని పోటు చెప్పకుండ వచ్చు చుట్టము కాదు. దాని వేళలు ముందుగానే అచ్చు వేయుదురు. తలుపులు, పంపులు అందులకే. హిందమాత వద్ద నిలుచు నీటికై 2021లో భూగర్భమున పెద్ద తొట్లు చేపట్టిరి. పోటు వేళ నీటిని అందులో ఆపి, తరువాత వదలుట ఉద్దేశము. అనగా ఉపాయము ఉన్నదన్నమాట.

మూడవది చెత్త. ఇందులో మన తప్పును దాచరాదు. తెగిన నూలు, చిక్కుపడిన పోగులు కాలువలో వేసిన అవి వలవలె అల్లుకొని చెత్తను పట్టి ఉంచును. వానిని సంచిలో కట్టి వేరుగా పారవేయవలెను. అయితే తీసిన పూడికను గట్టుననే వదలిన, మొదటి వానకే అది మరల కాలువలో చేరును. ఆ తప్పు మనది కాదు.

కనుక ఏ ఊరిలోనున్నను మన సంఘములు వేసవిలోనే మూడు ప్రశ్నలు వ్రాతమూలకముగ అడుగవలెను. మా పేట కాలువ గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వానకు కట్టినది? దాని నీరు ఎక్కడ, ఏ మట్టమున కలియును? పూడిక ఎన్నడు తీసి ఎక్కడికి తరలించిరి? 2005 సమాచార హక్కు చట్టము క్రింద సాధారణముగా 30 దినములలో సమాధానమీయవలసి యున్నది. నీరు వచ్చినప్పుడు గోడ మీద మట్టము గీచి, తేదీ, వేళ వ్రాసి ఉంచుడు. నాలుగేండ్ల గీతలు ఒకే చోట కనబడిన, వాన అసాధారణమను మాట ఇక చెల్లదు.

వానను ఆపుమని మనము ఎవరిని అడుగుట లేదు. వచ్చిన నీటికి దారి అడుగుచున్నాము.