పరుల ఆపదను చూచి నవ్వుట: పల్నాటి చాటువులు, సామెతలు 17:5

శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న చాటు పద్యాలలో కొన్ని పల్నాటిని ఎగతాళి చేస్తాయి. వరి అన్నం దొరకదు, జొన్న కూడే గతి, నీటికి కటకట. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో భోగమనుభవించిన కవికి ఇది వినోదం. నేటికీ ఆ పద్యాలు చెప్పుకొని నవ్వేవారున్నారు, పల్నాటివారితో సహా.

ఈ నవ్వుకు మూలమేమిటి? తన ఆధిక్యం హఠాత్తుగా తోచినప్పుడు కలిగే గర్వమే నవ్వని 17వ శతాబ్దంలో హాబ్స్ అన్నాడు. 2009లో సైన్స్ పత్రికలో జపాన్ పరిశోధకులు మరొకటి చూపారు: మనం అసూయపడే వ్యక్తికి కీడు కలిగిందని తెలిసినప్పుడు మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం చురుకవుతుంది. అయితే జొన్న కూడు తినేవానిని చూచి అసూయపడేదెవరు? ఇక్కడ పనిచేసింది దూరం. కరువును ఆ సీమకు వచ్చిన కష్టంగా చూస్తే జాలిపడాలి. ఆ మనుషుల తీరే అంత అనుకుంటే హాయిగా నవ్వవచ్చు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక, కుడికాలువ పారినంత మేర ఆ నేలే వరి పండించింది.

సామెతలు 17:5 సరిగ్గా ఇక్కడే తగులుతుంది. బీదవానిని వెక్కిరించడం అతని సృష్టికర్తను నిందించడమే. అక్కడి హెబ్రీ ధాతువు ‘లాఅగ్’ కీర్తన 22:7లో బాధితుని చుట్టూ చేరినవారి అపహాస్యానికి కూడా వాడబడింది. సిలువ యొద్ద తలలూపినవారిని వర్ణించేటప్పుడు మత్తయి (27:39) ఆ కీర్తననే తలపిస్తాడు. దేవుడు కూడా నవ్వుతాడు గదా (కీర్తన 2:4) అని కొందరు అడుగుతారు. ధాతువు అదే, కాని అక్కడి నవ్వు తిరుగుబాటు చేసే రాజులపై, బీదలపై కాదు.

శ్రీనాథుని కథ ఇంతటితో ఆగదు. ముసలితనంలో బొడ్డుపల్లెను గుత్తకు తీసుకొని, కృష్ణ వరదలో పంట పోయి, శిస్తు కట్టలేక శిక్ష అనుభవించాడని చాటువులే చెబుతున్నాయి. ఇది వినగానే "తగిన శాస్తి" అనిపిస్తుంది. ఇదే కష్టమైన చోటు. న్యాయం ముసుగు వేసుకున్న నవ్వును పట్టుకోవడం కష్టం. పార్టీలుగా చీలిన ఊళ్లలో, అవతలి సంఘ కాపరి పడిపోయాడన్న వార్త ఎంత త్వరగా ప్రార్థనాంశమై, ఆపై ముచ్చటగా మారుతుందో కాపరులకు తెలియనిది కాదు. సామెతలు 24:17 చెప్పేది శత్రువును గూర్చే. అతడు నిర్దోషి అని ఆ వచనం అనదు.

యోబు తాను చేయని పాపాలను ఒట్టుపెట్టి చెప్పేటప్పుడు, పగవాని నాశనానికి సంతోషించడాన్ని కూడా వాటిలో చేర్చాడు (31:29). అప్పటికి అతనికంటె చిన్నవారు అతనిని చూచి నవ్వుతూనే ఉన్నారు (30:1, 9).