అల్మారా, డబ్బా, చింతచెట్టు
పాతబస్తీలో ఒకనాటి సంచారం

హైదరాబాదు చూడవచ్చిన బంధువులను మనం ఎక్కడికి తీసుకువెళతాం? చార్మినారు ఎక్కిస్తాం. మక్కా మస్జిదులో రెండు రకాతులు చదివి వస్తాం. లాడ్ బజారులో ఆడవాళ్లు గాజులు బేరమాడతారు. గోల్కొండ వాకిట్లో పిల్లలు చప్పట్లు కొట్టి ప్రతిధ్వని విని సంబరపడతారు. సాయంత్రానికి అందరూ అలసిపోయి ఇల్లు చేరుకుంటారు. ఇందులో తప్పేమీ లేదు. అయితే అదే పాతబస్తీలో మరికొన్ని వింత చోట్లు ఉన్నాయి. ఒకచోట ఒక అల్మారా, మరొకచోట ఒక గడియారం, ఇంకొకచోట ఒక చెట్టు. ఓపిక ఉన్నవారు మూడింటినీ నడుస్తూనే చూసి రావచ్చు. మేము అలాగే చూసి వచ్చాం.

ఒక సంగతి ముందే చెప్పాలి. మొదటి రెండు చోట్లకూ శుక్రవారం సెలవు. కనుక ఈ పుట ఈనాడు చదివి, జుమా నమాజు తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుని, ఇన్షా అల్లాహ్ మరో రోజు బయలుదేరవచ్చు.

భూమిపై సంచరించండి, మీకు పూర్వం గతించిన వారి పర్యవసానం ఏమైందో కళ్లారా చూడండి అన్న ఆదేశం దివ్యఖుర్ఆన్‌లో పదేపదే కనిపిస్తుంది. దాని కోసం దూరదేశాలకే పోనక్కరలేదు. మన ఊళ్లోని నాలుగు గోడల మధ్య కూడా ఆ పాఠం దొరుకుతుంది.

బట్టల కోసం ఒక భవనం

మొదటి మజిలీ దారుల్‌షిఫా సమీపంలోని పురానీ హవేలీ. రెండవ నిజాం మీర్ నిజాం అలీ ఖాన్ తన కుమారుడు సికందర్ జా కోసం ఈ హవేలీని కొన్నారు. సికందర్ జా కొంతకాలం ఇక్కడ ఉండి ఖిల్వత్ మహలుకు మారిపోవడంతో దీనికి ‘పురానీ హవేలీ’ అన్న పేరు స్థిరపడింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1866లో ఇక్కడే పుట్టారు. మూడేళ్లయినా నిండకముందే 1869లో సింహాసనం ఎక్కారు. పెద్దయ్యాక కూడా ఈ హవేలీలోనే నివసించారు.

ఇక్కడి వింత ఆయనగారి బట్టల అల్మారా. అల్మారా అంటే మన ఇళ్లలో గోడ వారగా నిలబడే బీరువాను ఊహించుకోవద్దు. పొడవాటి హాలుకు రెండు వైపులా ఆ కొస నుంచి ఈ కొస దాకా బర్మా టేకుతో చేసిన బీరువాల వరుస, దాని మీద మరో అంతస్తు. పైఅంతస్తు బట్టలు అందుకోవడానికి చేతితో నడిపే చెక్క లిఫ్టు. ప్రపంచంలోని అతిపెద్ద బట్టల అల్మారాలలో ఇదొకటని పేరు. నిజాం ఒకసారి తొడిగిన దుస్తులు మళ్లీ తొడిగేవారు కాదని జనం చెప్పుకుంటారు. అది ఎంత నిజమో గాని, ఆ బీరువాల ముందు నిలబడితే మాత్రం నమ్మబుద్ధి అవుతుంది.

ఆ దుస్తుల యజమాని 45 ఏళ్లకే, 1911లో కన్నుమూశారు. ఆ తరువాత ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు తండ్రిగారి చెప్పు మొనలో ఒక రాయి దొరికిందట. అదే సుమారు 185 క్యారెట్ల జాకబ్ వజ్రం. దానిని ఆయన బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా వాడుకున్నారని ప్రసిద్ధి. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు ఆ వజ్రం కూడా ప్రభుత్వపరమైంది. లోకం కళ్లు మిరుమిట్లు గొలిపే వజ్రం ఒక తరంలో చెప్పులో దాగింది, మరో తరంలో కాగితాల మీద కూర్చుంది. దాని విలువ అంతా మన చూపులోనే ఉందనిపించింది మాకు.

ఎవరూ తినని డబ్బా

అదే హవేలీలో 2000 సంవత్సరంలో నిజాం మ్యూజియం ప్రారంభమైంది. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పాలనకు పాతికేళ్లు నిండిన సందర్భంగా 1937లో రజతోత్సవాలు జరిగాయి. అప్పుడు వచ్చిపడిన కానుకలే ఇక్కడి ముఖ్య ప్రదర్శన. వెండితో పోతపోసిన నగర కట్టడాల నమూనాలు, వెండి అత్తరుదానులు, సన్మానపత్రాలు దాచిన వెండి పెట్టెలు, ఉత్సవాల కోసం చేయించిన బంగారు పూత సింహాసనం. వాటి మధ్య మూడు గిన్నెల బంగారు టిఫిన్ డబ్బా ఒకటి ఉంది. దాని నిండా వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగారు.

దాన్ని చూసి మాతో వచ్చిన పిల్లవాడు, “దాదా, ఇందులో రోజూ అన్నం తినేవారా?” అని అడిగాడు.

“తినడానికి చేసింది కాదు బేటా, చూపించడానికి చేసింది” అన్నారు పెద్దాయన.

ఈ డబ్బాకు ఒక కథ ఉంది. 2018 సెప్టెంబరు మొదటి వారంలో ఇద్దరు దొంగలు రాత్రివేళ వెంటిలేటరు గుండా లోపలికి దిగి దీనిని, దీనితోపాటు బంగారు కప్పు, సాసరు, చెంచాను ఎత్తుకుపోయారు. నగర పోలీసులు కొద్ది రోజులలోనే వారిని పట్టుకుని వస్తువులన్నీ తిరిగి రాబట్టారు. అప్పట్లో పోలీసులు చెప్పిన రెండు ముచ్చట్లు మాకు మరపు రాలేదు. మొదటిది, దొంగలలో ఒకడు దర్జాగా ఆ డబ్బాలోనే భోజనం చేశాడట! రెండవది, బంగారు అట్ట ఉన్న ఖుర్ఆన్ ప్రతిని కూడా తీసుకుపోదామనుకున్నారట గాని, సరిగ్గా ఆ సమయానికి సమీపంలోని మస్జిదు నుంచి ప్రార్థన వినిపించడంతో దాని జోలికి పోలేదట.

రాజు తినని డబ్బాలో దొంగ తిన్నాడు. ఇది తలచుకుని మేము మొదట నవ్వుకున్నాం. తరువాత నవ్వు ఆగిపోయింది. మనిషి ‘నా సొమ్ము, నా సొమ్ము’ అంటాడు గాని, నిజానికి అతని సొమ్ము మూడే మూడు రకాలని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. అతను తిని జీర్ణం చేసుకున్నది ఒకటి. తొడిగి అరగదీసినది రెండవది. దానం చేసి ముందుకు పంపుకున్నది మూడవది. తక్కినదంతా ఇతరులకు వదిలి వెళ్లవలసిందే. ఆ లెక్కన చూస్తే అరగని దుస్తుల అల్మారా, తినని భోజనపు డబ్బా ఎవరి సొమ్ము? ఈ ప్రశ్నతోనే మేము హవేలీ గడప దాటాం.

వారసులు లేని ఇంటి వారసత్వం

రెండవ మజిలీ మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం. మధ్యాహ్నం 12 గంటలకు కాస్త ముందు చేరుకోవడం మేలు. అక్కడి గడియారం ముందు పిల్లలు, పెద్దలు సినిమాకు వచ్చినట్టు బెంచీల మీద కూర్చుని ఉంటారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ నుంచి వచ్చిన గడియారం అది. ఒక పక్క చిన్న కమ్మరి బొమ్మ సెకనుకొక దెబ్బ వేస్తూనే ఉంటుంది. గంట పూర్తయ్యే వేళకు గడ్డం ఉన్న మరో బొమ్మ తలుపు తెరుచుకుని బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు జేగంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. జనం చప్పట్లు కొడతారు. పెద్ద బొమ్మ కోసం అందరూ ఎదురుచూస్తారు గాని, క్షణక్షణం మన ఆయుష్షును కొట్టేస్తున్న చిన్న కమ్మరిని ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడి వస్తువులు 40 వేల పైమాటే. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోము నగరంలో కొన్న ‘ముసుగు రెబెకా’ పాలరాతి బొమ్మ ఉంది. రాతిలో పలచటి మేలిముసుగు చెక్కిన ఆ పనితనం చూసి తీరాలి. ఒకే మొద్దులో ముందువైపు గర్విష్ఠి అయిన సైతానును, వెనుకవైపు తల వంచిన యువతిని చెక్కిన జంట శిల్పం మరొకటి. వెనుకవైపు కూడా కనిపించేలా అద్దం పెట్టారు. ఎదుట ఒక ముఖం, చాటున మరో ముఖం ఉండే మనుషులు జ్ఞాపకం వస్తారు. వీటన్నిటి కంటే మేము ఎక్కువసేపు నిలిచింది రాతప్రతుల దగ్గర. 13వ శతాబ్దపు ప్రఖ్యాత లేఖకుడు యాఖూత్ అల్ ముస్తాసిమీ చేతిరాతగా పేర్కొనే ఖుర్ఆన్ ప్రతి ఈ మ్యూజియం సొత్తు. దానిపై జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకాలు ఉన్నాయి. ముగ్గురు చక్రవర్తులు చేతులు మారుస్తూ పోయారు, గ్రంథం మాత్రం నిలిచింది.

ఇన్ని కూడబెట్టినవారిలో ముఖ్యుడు మూడవ సాలార్‌జంగ్, నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889లో పుట్టారు. పుట్టి నెల తిరగకముందే తండ్రి చనిపోయారు. 1912లో నిజాం ప్రభుత్వంలో దివాను పదవి చేపట్టి, 1914లో వదులుకున్నారు. అప్పటి నుంచి తుదిశ్వాస దాకా సంపాదనంతా ఈ వస్తువుల సేకరణకే ఖర్చుపెట్టారు. పెళ్లి చేసుకోలేదు. 1949లో మరణించేనాటికి సంతానం లేదు. 1951 డిసెంబరులో ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే ప్రధాని నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1958లో బంధువులతో కుదిరిన రాజీ ప్రకారం సేకరణ అంతా భారత ప్రభుత్వానికి దక్కింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో ఇప్పటి భవనానికి తరలించారు.

బిడ్డలు లేని ఆ ఇంటికి నేడు రోజూ వేలాది బిడ్డలు వస్తున్నారు. స్కూలు బస్సులు దిగి, వరుసలు కట్టి, గడియారం ముందు కూర్చుని కేరింతలు కొడుతున్నారు. అల్మారాకు, ఈ సేకరణకు తేడా ఇక్కడే ఉందని మాకు తోచింది. రెండూ కూడబెట్టినవే. ఒకటి ఒక్కరి ఒంటికి, రెండవది అందరి కంటికి.

టిక్కెట్టు లేని మ్యూజియం

మూడవ మజిలీకి టిక్కెట్టు లేదు, అద్దాల పెట్టెలు లేవు. నయాపూల్ వంతెన దాటి అఫ్జల్‌గంజ్ వైపు వెళితే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. రోగుల బంధువులు దాని పక్క నుంచే అన్నం డబ్బాలు పట్టుకుని పోతుంటారు. చాలామంది తలెత్తి చూడరు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వంతెనలు కొట్టుకుపోయాయి. వాడలకు వాడలు నీట మునిగాయి. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు ఈ చింతచెట్టు కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. నగరచరిత్ర మీద మక్కువ ఉన్నవారు సెప్టెంబరు 28న దీని కిందే సభ జరిపి ఆనాటి మృతులను తలచుకోవడం ఒక ఆనవాయితీ. ఎన్నో పెద్ద పెద్ద సభామందిరాలున్న నగరంలో ఇంతకంటే తగిన సభావేదిక మరొకటి లేదనిపించింది.

ఆ వరదరోజులలో నిజాం ఎవరో చెప్పమంటారా? అల్మారా యజమాని మహబూబ్ అలీ ఖానే! ఆయన దిక్కులేని జనానికి తన మహళ్ల తలుపులు తెరిపించారు, తిండి పెట్టించారు. ప్రజలు కన్నీళ్లతో దీవించారు. అలాంటి విపత్తు మళ్లీ రాకూడదని తరువాతి నిజాం కాలంలో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు. నేటికీ పాతబస్తీ పెద్దలు మహబూబ్ పాషా పేరు ప్రేమగా తలుస్తారు. అది ఆయన తొడిగిన దుస్తులు చూసి కాదు. ఆయన తెరిచిన తలుపులు చూసి.

పొద్దున హవేలీ గడప మీద మాకు కలిగిన ప్రశ్నకు సాయంత్రం చెట్టు నీడలో జవాబు దొరికింది. అల్మారా మిగిలింది, కాని అది ఇప్పుడు ఆయనది కాదు. డబ్బా మిగిలింది, అదీ వారిది కాదు. తెరిచిన తలుపు మాత్రం ఆయన ఖాతాలోనే ఉందని ఆశిద్దాం. లెక్కలు చూసేవాడు అల్లాహ్.

సెలవురోజున మీరూ వెళ్లండి. పిల్లలకు అల్మారా చూపించండి, గడియారం చూపించండి. కాని చెట్టు చూపించకుండా మాత్రం తిరిగి రాకండి. ఇల్లు చేరాక మన బీరువా తలుపు కూడా ఒకసారి తెరిచి చూసుకుందాం. ఏడాదిగా తొడగని జతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడదాం. చలికాలం వచ్చేలోగా వాటిలో కొన్నయినా మరొకరి ఒంటి మీద అరిగిపోవాలి. కఫన్‌కు జేబులుండవు, సమాధిలో అల్మారాకు చోటుండదు.